వంత లేని పాట

మణిమంతపురాన్ని చూడని కన్ను కన్నే కాదని దేశాలు తిరిగే బేహారులు చెప్పుకునేవారు. నీలవాహిని నది ఒడ్డున పాలరాతి కోట, కోట బురుజుల మీద పచ్చలు పొదిగిన శిఖరాలు, ఎండ పడితే నగరమంతా ఆకుపచ్చని నీడలు. రాజవీధిలో పొద్దున్నే పన్నీటి కళ్ళాపి చల్లేవారు. అంగళ్ళలో ముత్యాలను సోలలతో కొలిచేవారు. చిలకలు కూడా ఆ ఊళ్ళో మర్యాదగా పలికేవట, ఎంతవరకు నిజమో చిలకలకే తెలియాలి.

అదంతా మాంత్రికుడు కాలజంఘుడు రాకముందు సంగతి. వాడు వీరకేసరి మహారాజుకు విషం పెట్టి సింహాసనం ఎక్కాడు. రాజు పోయినా ఆయన కూతురు మలయసేన మిగిలింది. ఆమెను చంపితే ప్రజలు తిరగబడతారని, చంపకుండానే మాయం చేశాడు. ఒక మంత్రం వేశాడు. దాంతో రాజ్యంలో ఎవరికీ ఆమె ముఖం గుర్తులేదు, పేరు గుర్తులేదు, అసలు రాజుకొక కూతురుండేదన్న మాటే గుర్తులేదు. తన ఊళ్ళో తన దాసీకే తాను ఎవరో తెలియక ఆ పిల్ల అడవుల పాలైంది.

ఆ మంత్రం అంటనిది ఒక్క కిన్నెరవాళ్ళకే. మూడు సొరబుర్రల కిన్నెర భుజాన వేసుకుని, ఊరూరా తిరిగి, రాజుల వంశాలూ రైతుల వంశాలూ పాడి పొట్టపోసుకునే వాళ్ళు. రాజవంశం మొత్తం వాళ్ళ నోట పాటగా ఉంది. నోట ఉన్నదాన్ని మంత్రం తుడవలేకపోయింది. అందుకే కాలజంఘుడు వాళ్ళను వెతికి పట్టి, ఒక్కొక్కరి గొంతు లాగి తన నల్లకుండలో దాచుకున్నాడు. గొంతు ఉన్నవాళ్ళిద్దరే మిగిలారు. ఒకడు ముసలి ఓబయ్య, మాంత్రికుడి చెరలో ఉన్నాడు. రెండోవాడు ఆయన కొడుకు మైలారుడు. నిన్న నాగగుహలో చావు తప్పించుకుని, అక్కడి యక్షిణి ఇచ్చిన వజ్రపు రంపం పట్టుకుని, యువరాణిని వెంటబెట్టుకుని, ఈ పొద్దు గాజుల సెట్టి వేషంలో రేవు వాకిట్లో నిలబడ్డాడు.

"ఆగండ్రా! ఎవరు మీరు?" అని కాపలాభటుడు బల్లెం అడ్డం పెట్టాడు.

"గాజుల సెట్టిని దొరా. వీడు నా తమ్ముడు, పుట్టుమూగ. తమరి ఇంట్లో అమ్మగారి చెయ్యి ఏపాటిదో సెలవిస్తే..."

"మా ఆవిడ చెయ్యి సంగతి నీకెందుకురా! నా వీపుకు బాగా తెలుసు" అని భటుడు నవ్వి, గంపలోంచి ఒక గాజుల మలారం లాక్కుని, పొమ్మన్నట్టు బల్లెం ఎత్తాడు.

వాకిలి దాటాక మలయసేన తలపాగా సర్దుకుంటూ, "నన్ను మూగవాణ్ణి చేశావేం?" అంది.

"తమరు నోరు తెరిస్తే రాజరికం బయటపడుద్దమ్మా" అన్నాడు మైలారుడు. "వీధిలో మాట్లాడేవాళ్ళు అట్టా మాటకు మాటకు మధ్య ఆగరు."

వచ్చిన పని ఒక్కటే. ఓబయ్యను చెర విడిపించాలి. మలయసేన పుట్టిననాడు ఆమె మీద ఓబయ్య ఒక పాట కట్టాడు. దాన్ని ఆమె పట్టాభిషేకం నాడే కొడుక్కి ఇస్తానని అట్టే పెట్టుకున్నాడు. ఆ పుట్టుపాట వింటూ ఆమెను కళ్ళారా చూసినవాళ్ళకు మంత్రం విడిపోతుంది. పాట ఓబయ్య గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు. మైలారుడికి మాత్రం రాజ్యం సంగతి రెండోది. అక్కడ కట్టేసి ఉన్నది వాడి కన్నతండ్రి.

సింహద్వారం ముందు సంత నిండుగా ఉంది. జనం ఉన్నారుగానీ సంతలో ఉండాల్సిన గోల లేదు. ద్వారం పక్కన రాతి అరుగు మీద ఓబయ్య కూర్చుని ఉన్నాడు. కాలికి గొలుసు, గొలుసు చివర రోలంత గుండు. గడ్డం మాసిపోయి, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉన్నాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా అక్కడ కూర్చుని పాడాలని కాలజంఘుడి ఆజ్ఞ. వాడికి సంగీతం మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. అది ఎర.

ఎందుకంటే కిన్నెరవాళ్ళలో ఒక కట్టుబాటుంది. కథకుడు ఒక పాదం పాడి ఊపిరి తీసుకుంటాడు. ఆ సందులో పక్కవాడు "సై దొరా సై" అని వంత అందుకోవాలి. ఇప్పుడు వంత పాడడం అంటే వెక్కిరింతగా అంటున్నారు గానీ, వాళ్ళకది వెక్కిరింత కాదు, కథకుడికి ఊపిరి పోయడం. కిన్నెరవాడు ఎక్కడైనా ఒంటరిగా పాడుతుంటే, విన్న కిన్నెరవాడు వంత ఇచ్చి తీరాలి. వాగు దాటుతున్నా సరే, ముద్ద నోట్లో ఉన్నా సరే, పాడేవాడు పగవాడైనా సరే. బిడ్డకు అన్నం ముట్టించే రోజున మెతుకు కంటే ముందు చెవిలో వంత ఊదుతారు. ఆ సంగతి తెలుసు గనకనే మాంత్రికుడు ఆ ముసలివాణ్ణి వంత లేకుండా కూర్చోబెట్టాడు.

ఆ సంగతి మైలారుడికీ తెలుసు. "నోరు కట్టుకుంటానమ్మా" అని దారిపొడుగునా యువరాణికి చెబుతూనే వచ్చాడు. గాజులు కట్టే పీలిక ఒకటి పళ్ళ మధ్య బిగించి, అరుగుకు కాస్త దూరంలో గంప దించాడు. మలయసేన ఖాళీ గంపలు సర్దుతున్నట్టు అరుగు వెనక్కి జారింది. ఆమె రొంటిన వజ్రపు రంపం ఉంది.

ఓబయ్య పాడుతున్నాడు. మలయసేనకు ముత్తవ్వ అయిన మల్లమాదేవి కథ.

"ఏరు ఎండిన ఏట, ఊరు మండిన పూట
మల్లమాదేవమ్మ మెట్లు దిగివచ్చింది..."

పాదం ముగిసింది. సందు వచ్చింది. సంతలో ఎవరూ నోరు మెదపలేదు. ముసలాయన గుక్క అందక దగ్గి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఒక పెద్దావిడ గంప ముందు కూర్చుని చెయ్యి చాపింది. మైలారుడు ఆ చేతిని మెత్తగా నొక్కి గాజు ఎక్కిస్తున్నాడు.

"ఏం సెట్టీ, చూపంతా ఆ అరుగు మీదే ఉందేం?" అంది ఆవిడ. గొంతు తగ్గించి, మళ్ళీ అంది. "నా చూపూ ఆ ముసలాయన మీదికే పోతుందయ్యా. మా అత్త చచ్చిపోయిననాడు వచ్చి పాడాడు. మా వంశం పేర్లన్నీ వరసబెట్టి పిలిచాడు. రాయిలాంటి మా మామ కూడా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడ్చి లోపలికిపోయి భోజనాలు చేశాం. ఆయన వాకిట్లో కూర్చున్నాడని ఎవరికీ గుర్తే లేదు. సాయంత్రం చూస్తే లేచిపోయాడు."

మైలారుడికి ఆ రోజు గుర్తుంది. ఆ వాకిట్లో తండ్రి పక్కన తనూ ఉన్నాడు. అలాంటి వాకిళ్ళు వాడు చాలా చూశాడు.

అరుగు వెనక రంపం సన్నగా కోస్తున్న చప్పుడు. ఓబయ్య కాలి దగ్గర గొలుసు కదిలింది. ముసలాయన కిందికి చూశాడు, ఆ వెంటనే జనంలోకి చూశాడు. కొడుకు కనిపించాడు. కనిపించినట్టు కనురెప్ప కూడా ఆడనివ్వలేదు. పాట మాత్రం మార్చాడు, పాదాలు పొట్టి చేశాడు, సందులు చిన్నవి చేశాడు, వంతకు చోటు దొరక్కుండా పాడాలని చూశాడు. కానీ పొద్దుటినుంచీ పాడిన గొంతు అది.

"కడుపు కాలిన బిడ్డ కాళ్ళ మీద పడితే
కడియాలు తీసిచ్చె, గాజులు తీసిచ్చె,
తాళి తప్ప తల్లి తనువంతా..."

అక్కడ ఆయన గొంతు జీరపోయింది. పాదం పూర్తవుతుందో లేదో, ఊపిరి అందుతుందో లేదో, పడిపోబోయేవాడిలా ముసలాయన తల వెనక్కి వాల్చి "ఇచ్చే" అన్నాడు.

"సై దొరా సై!"

అన్నాకగానీ అన్నది తానేనని మైలారుడికి తెలియలేదు. పళ్ళ మధ్య పీలిక ఎప్పుడు జారిందో, ఒళ్ళో పడి ఉంది. పెద్దావిడ చేతి మీద గాజు పుటుక్కున విరిగింది.

సంత మొత్తం బిగుసుకుపోయింది. ఓబయ్య ముఖంలో ఒక్క క్షణం పండగ కనిపించింది. ఎన్నాళ్ళకో ఆయనకు నిండుగా ఊపిరి అందింది, అందించినవాడు కన్నకొడుకు. మరుక్షణం ఆ ముఖం నల్లబడింది.

సింహద్వారం పైన మేడలోంచి పకపకా నవ్వు వినిపించింది. కాలజంఘుడు జడలు విదిల్చుకుంటూ ముందుకొచ్చాడు. చంకలో నల్లకుండ.

"వచ్చావురా వంతగాడా! నీ కోసం అడవులన్నీ గాలించా. నీ నోరే నిన్ను పట్టిస్తుందని నాకు తెలుసు. మీ జాతికి అంతకంటే తెలివి ఎక్కడిది!"

కుండను మైలారుడి వైపు వంచాడు. మైలారుడి మెడ నరాలు తాళ్ళలా పైకి లేచాయి. "అయ్యా" అని అరవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. నల్లతలపాగాల భటులు కత్తులు దూసి నాలుగు వైపులనుంచీ దూకారు. అదే సమయానికి అరుగు కింద గొలుసు తెగి ఖణేలుమని పడింది.

"తాతా, లే! దూకు!" అని మలయసేన చెయ్యి చాపింది.

ఓబయ్య తెగిన గొలుసును చూసుకున్నాడు. కొడుకును చూశాడు. "వచ్చావా తల్లీ," అన్నాడు. "ఈ కాళ్ళు పరుగుకు పనికిరావమ్మా. గొంతు ఇంకొంచెం పనికొస్తది. వాణ్ణి లాక్కుని పో."

"నిన్ను వదిలా?"

"వాడి గొంతు పోతే నిన్ను పాడేవాడు ఉండడు. పో!"

అని కిన్నెర ఎత్తి, పెద్దబుర్రను తన గుండె వైపు తిప్పుకున్నాడు. కిన్నెరవాళ్ళలో దానికి ఒకటే అర్థం. ఇక వంత వద్దు, ఈ పాట నాది. ఆ గుర్తు చూసి మైలారుడు అరుగు వైపు అడుగేశాడు.

ఓబయ్య గొంతెత్తాడు. అంతసేపూ జీరపోయిన గొంతు ఎక్కడికి పోయిందో, ద్వారం మీద రాతిసింహాలు ఉలిక్కిపడేలా లేచింది పాట.

"పున్నమి వాన వెలిసింది, పురము కన్ను తెరిచింది,
వీరకేసరి ఇంట వెన్నెల పుట్టింది,
నొసట నెలవంక మచ్చ, నోట తొలకరి నవ్వు,
మలయసేనమ్మ మా తల్లి మణిమంతపురికి..."

మలయసేన తలపాగా లాగి పారేసింది. నొసటి మీద మచ్చ ఎండలో మెరిసింది. పెద్దావిడ విరిగిన గాజుతో అలాగే లేచి నిలబడి, కళ్ళు నులుముకుంది.

"అమ్మా... మా చిన్నమ్మగారు! ఈ తల్లిని మేము ఎట్టా మరిచిపోయాం? ఎట్టా మరిచాం!" అని గుండెలు బాదుకుంది.

ఆ కేక ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. తర్వాత జరిగింది చెప్పడానికి నాకు నోరు చాలదు. మిరపకాయల బేరగాడు బస్తా విప్పి భటుల కళ్ళల్లోకి ఎగజల్లాడు. నూనెవాళ్ళు కుండలు దొర్లించారు. జారిపడ్డ భటుడి మీద ఇంకో భటుడు, వాడి మీద ఎవరో విప్పి వదిలిన ఎద్దు! ఇంతకాలం తలవంచుకు తిరిగిన జనం ఒక్కసారిగా గోడలా నిలబడి, ఆ గోడలో ఇద్దరు పట్టేంత దారి మాత్రం వదిలారు.

కాలజంఘుడు పళ్ళు కొరికి కుండను ముసలాయన వైపు తిప్పాడు. మైలారుడి గొంతు విడుదలైంది. కానీ ఓబయ్య గొంతు కుండకు చిక్కలేదు. పాడుతున్న గొంతును ఆ కుండ లాగలేదు, పాదానికీ పాదానికీ మధ్య సందులోనే లాగగలదు. ఆ సందు ఓబయ్య ఇవ్వడం లేదు. ఒక పాదం చివర ఇంకో పాదం ముడివేసి, ఊపిరి తీసుకోకుండా, మొదటికొచ్చి మళ్ళీ పాడుతున్నాడు.

"ఎక్కడో ఆగక తప్పదురా ముసలోడా!" అని మాంత్రికుడు కుండ పట్టుకుని కాచుకున్నాడు.

మలయసేన మైలారుడి జబ్బ పట్టి లాక్కుపోతోంది. రాజవీధి, కంసాలివీధి, రేవుమెట్లు. వెనక పాట. పాదం చివరికొచ్చినప్పుడల్లా మైలారుడి నోరు తెరుచుకుంటోంది, తెరుచుకున్నప్పుడల్లా యువరాణి అరచెయ్యి దాని మీద పడుతోంది. వంత ఇస్తే తండ్రి అలవాటుగా ఆగుతాడు. ఆగితే కుండ మింగుతుంది. ఆ సంగతి తెలిసీ వాడి నోరు తెరుచుకుంటూనే ఉంది. వాడు ఆమె అరచెయ్యి కొరికాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.

రేవులో మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి పాట ఆగిపోయింది.

పాదం చివర ఆగలేదు. "నోట తొలకరి" అన్నచోట ఆగింది.

మైలారుడు నిలబడిపోయాడు. కిన్నెరవాడు పాదం నడుమ ఆగడు. పాము కరిచినా పాదం పూర్తిచేసి పడతాడు. ఓబయ్య నడుమ ఆగాడంటే ఆ గుండె ఇక లేదు. కోట మీదినుంచి కాలజంఘుడు పెట్టిన కేకా, గొంతు దక్కలేదని నేలకేసి కాలు తన్నిన చప్పుడూ రేవుదాకా వినిపించాయి.

ఏడవడానికి వ్యవధి లేదు. మెట్ల కింద రేవుభటులు ఇద్దరు ఎదురొచ్చారు. మైలారుడు అక్కడున్న కావడిబద్ద లాక్కుని ఒకడి మోకాలు విరగ్గొట్టాడు, రెండోవాణ్ణి బల్లెంతో సహా నదిలోకి తోశాడు. ఇద్దరూ ఒక జాలరి దోనెలోకి దూకి తాడు తెంపారు. నీలవాహిని ఆ దోనెను ఒడిసిపట్టి లాక్కుపోయింది. కాసేపటికే వెనకనుంచి మొసలిమూతి పడవలు తరుముకొచ్చాయి. వాటి ముందు మెరుపు పగ్గాలు పట్టుకుని కాలజంఘుడి శిష్యులు. ముందు చూస్తే భేతాళసుడి. ఆ సుడిలో పడ్డ పడవ తేలిందని ఎవరూ చెప్పగా వినలేదు.

మైలారుడు తెడ్డు వేస్తున్నాడు. చూపు నీళ్ళ మీద లేదు.

"నా నోరే మా అయ్యను చంపింది," అన్నాడు.

మలయసేన కాదనలేదు. ఊరడింపు మాటలు రాజకుమార్తెలకు నేర్పుతారు, ఆమెకవి ఆ పూట నోటికి రాలేదు. పంటిగాట్లు పడ్డ అరచేతిని నీళ్ళలో ముంచి తీసి, "అంత్యపాట పాడు," అంది. "మా నాన్నగారికి మీ అయ్య పాడాడు. నువ్వు మీ అయ్యకు పాడు."

"మా ఇంటి చావుకు మేం పాడుకోకూడదమ్మా."

"మరి మీకెవరు పాడతారు?"

"ఎవరూ పాడరు. గుంట తీసి కప్పెట్టి, కిన్నెర తీగలు వదులు చేస్తాం. ఇంకో ఇంట్లో చావు జరిగితే మళ్ళా బిగించుకుని పోతాం."

వెనక పడవల కొమ్ముబూరలు దగ్గరపడ్డాయి. మలయసేన రెండో తెడ్డు అందుకుంది. "నేను పాడతాను. మీ పెద్దల పేర్లు చెప్పు."

"మా అయ్య ఓబయ్య. ఆయన అయ్య దాలయ్య."

"దాలయ్య తండ్రి?"

మైలారుడు నోరు తెరిచాడు. మలయసేన తాత, ముత్తాత, వాళ్ళ తాతలు, వాళ్ళ రాణులు, రాణుల పుట్టింటివాళ్ళు, వాళ్ళ గుర్రాల పేర్లు కూడా వరసగా వచ్చి వాడి నాలుక మీద నిలబడ్డాయి. దాలయ్య తండ్రి పేరు రాలేదు. వాడు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని భోరుమన్నాడు.

"ఎవరూ అడగలేదమ్మా! మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా అయ్యను నేనూ అడగలేదు. ఇప్పుడు ఎవర్నడగను?"

దోనె అడ్డం తిరిగింది. మలయసేన ఒక్కతే తెడ్డు వేసి దాన్ని నిలబెట్టింది. సుడి హోరు చెవులు దిబ్బళ్ళు వేసేలా ఉంది.

"నా వంశంలో మొదటివాడు ఎవరు మైలారా?"

"చంద్రవర్మ మహారాజు."

"ఆయన తండ్రి?"

వాడు వెక్కుతూనే తల అడ్డంగా ఆడించాడు. "పాటలో లేడు."

"ఎందుకు లేడు?"

"అప్పటికి మావాళ్ళు పాడ్డం మొదలెట్టలేదేమో."

"అంటే మా మూలపురుషుడు కూడా తండ్రి పేరు తెలియని కొడుకే," అంది మలయసేన. "లే. తెడ్డు తీసుకో."

వెనక మొసలిమూతి పడవలు సుడి అంచు చూసి ఆగిపోయాయి. దోనె ఆగలేదు. నీళ్ళు దాన్ని పక్కకు వంచి, గుండ్రంగా తిప్పి, నల్లని గొయ్యి వైపు తోశాయి. మలయసేన దోనె అంచు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. ఆమెకు శ్రుతి లేదు, తాళం అసలే లేదు.

"మొదట పుట్టినవాడు దాలయ్య పెద్ద,
ఓబయ్య వంశానికి ఆదిపురుషుడు..."

ఎన్నో వంశాలు పాడిన మైలారుడు తన వంశం పేరు పాటలో వినడం అదే మొదటిసారి. వాడు వింటూ ఉండగానే దోనె సుడిలోకి దిగిపోయింది.